చుక్క తర్వాత బ్రాకెట్లు ఎప్పుడు?

తిరుపతి

తమ్ముడూ,

పాల కేంద్రం కోసం నువ్వు పైథాన్‌లో రాసిన స్లిప్ క్లాసు చదివాను. లీటర్లు, వెన్న, ఎస్ఎన్ఎఫ్ (పాలలో వెన్న కాక మిగిలిన ఘనపదార్థాల శాతం), ధర, మొత్తం: వీటిలో ఏది ప్రాపర్టీగా ఉండాలి, ఏది మెథడ్‌గా ఉండాలి అని అడిగావు. చుక్క తర్వాత పేరు మాత్రమే రాసి చదివేది ప్రాపర్టీ, పేరు వెనక బ్రాకెట్లు పెట్టి పిలిచేది మెథడ్. లోపల ఎన్ని లైన్ల కోడ్ ఉందో చూసి తేల్చబోతున్నావు. అట్లా కాదు, ఆ క్లాసును వాడేవాడి వైపు నిలబడి చూడు. స్లిప్.మొత్తం అని బ్రాకెట్లు లేకుండా కనిపిస్తే చదివేవాడు మూడు సంగతులు నమ్ముతాడు. జవాబు వెంటనే వస్తుంది, మళ్ళీ అడిగినా అదే వస్తుంది, అడిగినందుకు ఏదీ మారదు. మూడింట్లో ఒక్కటి తప్పినా దాన్ని మెథడ్ చెయ్యి.

లెక్క కట్టాల్సినదల్లా మెథడే అనుకోవద్దు. ఎస్ఎన్ఎఫ్ లెక్క అంటే లాక్టోమీటర్ (పాల సాంద్రత కొలిచే పరికరం) రీడింగులో నాలుగో వంతు, వెన్న శాతంలో దాదాపు ఐదో వంతు, పైన ఒక చిన్న స్థిరాంకం. రెండు మూడు కూడికల పని, ప్రాపర్టీగా హాయిగా ఉంటుంది. ఆ స్థిరాంకం మాత్రం డెయిరీని బట్టి మారుతుంది కాబట్టి కోడ్‌లో పాతిపెట్టకుండా స్లిప్ తయారయ్యేటప్పుడే బయటినుంచి ఇవ్వు.

అసలు చిక్కు ధర దగ్గర ఉంది. ఆ ప్రాపర్టీ లోపల నువ్వు ఈ రోజు అమల్లో ఉన్న రేటు చార్టు తెరిచి చూస్తున్నావు. 8.5 లీటర్లు, లీటరు 36.40 చొప్పున 309.40 అని పొద్దున పూట స్లిప్ ఇచ్చారనుకో. వారం తర్వాత డెయరీ చార్టు మార్చింది. పదిహేను రోజుల బిల్లు తీసేసరికి అదే స్లిప్ ఇంకో మొత్తం చూపిస్తుంది. రైతు చేతిలో కాగితం ఒకటి, కంప్యూటర్లో అంకె ఒకటి! పలమనేరు వైపు ఏ ఊళ్ళో అయినా ఆ పూట పాలు పోసేవాళ్ళు ఊరుకోరు. స్లిప్ పుట్టినప్పుడే ఆనాటి రేటును అందులో రాసెయ్యి. అప్పుడు మొత్తం అనేది లీటర్లను రేటుతో హెచ్చవేసే మామూలు ప్రాపర్టీ అవుతుంది. ఫలానా చార్టు ప్రకారం ఎంతవుతుందో విడిగా చూడాలంటే చార్టును ఆర్గ్యుమెంటుగా తీసుకునే మెథడ్ ఒకటి పెట్టు. (డబ్బుకు ఫ్లోట్ వాడావు, అది దశాంశాలను ఉజ్జాయింపుగానే దాస్తుంది, డెసిమల్‌కు మార్చు. నువ్వు అడగలేదు గానీ చెప్పకుండా ఉండలేను.)

పాలు పరీక్షించే యంత్రం క్లాసులో వెన్నశాతం ప్రాపర్టీగా ఉంది. అది సీరియల్ పోర్టు మీద యంత్రం జవాబు కోసం ఆగుతుంది, అడిగిన ప్రతిసారీ కొత్త రీడింగు తెస్తుంది, కేబుల్ ఊడితే ఎర్రర్ విసురుతుంది. మూడు నమ్మకాల్లో మొదటి రెండూ పోయాయి. దాన్ని కొలువు() అనే మెథడ్ చేసి, వచ్చిన రీడింగును ఒక చిన్న ఆబ్జెక్టుగా తిరిగివ్వు. ఆ ఆబ్జెక్టులో వెన్న, లాక్టోమీటర్ రీడింగు ప్రాపర్టీలుగా ఉండొచ్చు. పెద్దవాళ్ళూ ఈ గీత దాటారు. పిలిచిన ప్రతిసారీ వేరే ఫలితం వచ్చేదాన్ని మెథడ్ చెయ్యమని మైక్రోసాఫ్ట్ వాళ్ళ డాట్ నెట్ డిజైన్ సూచనలు చెబుతాయి. అదే డాట్ నెట్‌లో డేట్‌టైమ్.నౌ ప్రాపర్టీగా కూర్చుని ఉంది, అది చదివిన ప్రతిసారీ అప్పటి టైమే ఇస్తుంది.

ప్రాపర్టీని చదివేది నువ్వొక్కడివే కాదు, అది గుర్తుంచుకో. విజువల్ స్టూడియోలో ప్రోగ్రాం ఆపి వేరియబుల్ విప్పి చూస్తే, డీబగ్గర్ (తప్పులు వెతికే సాధనం) తనంతట తానే గెటర్లను, అంటే ప్రాపర్టీ చదివినప్పుడు నడిచే కోడ్‌ను, నడుపుతుంది. గెటర్ ఏదైనా కౌంటర్ పెంచితే, చూసినందుకే ప్రోగ్రాం దారి మారుతుంది. సీ షార్ప్‌లో డేటాను జేసన్‌గా (వేరే ప్రోగ్రాముకు పంపే టెక్స్టు రూపంగా) మార్చే లైబ్రరీలు కూడా పబ్లిక్ ప్రాపర్టీలన్నిటినీ చదువుతాయి. డేటాబేసును తాకే గెటర్ ఒక్కటున్నా, వంద మంది సభ్యుల జాబితా పంపినప్పుడు వంద క్వెరీలు పోతాయి. జాబితాల సంగతీ ఇంతే. లోపలి అర్రేకు నకలు తీసి ఇచ్చే ప్రాపర్టీని ఫర్ లూప్ షరతులోనూ లూప్ లోపలా వాడితే, 100 స్లిప్పులకు 201 నకళ్ళు తయారవుతాయి. షరతు 101 సార్లు, లోపల 100 సార్లు. స్లిప్పులుతీయి() అని రాసి ఉంటే వాడేవాడు ఒక్కసారి పిలిచి వేరియబుల్‌లో పెట్టుకునేవాడు.

ఇంకోవైపు నుంచి కూడా దెబ్బ తగులుతుంది. నీ క్లాసులో చెల్లించారా అనేది మెథడ్. పైథాన్‌లో బ్రాకెట్లు మరచి ఇఫ్ స్లిప్.చెల్లించారా అని రాస్తే ఎర్రర్ రాదు. మెథడ్ ఆబ్జెక్టు ఎప్పుడూ నిజమే కాబట్టి ప్రతి స్లిప్పూ చెల్లించినట్టే లెక్క. పైథాన్‌లో వెబ్‌సైట్లు కట్టే జాంగోలో యూజర్ లాగిన్ అయ్యాడా అని అడిగే ఈజ్ అథెంటికేటెడ్ ఒకప్పుడు మెథడే. అక్కడ బ్రాకెట్లు మరిస్తే లాగిన్ కానివాణ్ణి కూడా లోపలికి వదిలినట్టు. 2016లో వచ్చిన 1.10 వెర్షన్లో దాన్ని బ్రాకెట్లు లేకుండా చదివేలా మార్చారు. అవును, కాదు అని చెప్పే తేలికైన ప్రశ్నను పైథాన్‌లో ప్రాపర్టీగానే పెట్టు.

సెటర్ల విషయంలో, అంటే ప్రాపర్టీకి కొత్త విలువ పెట్టే కోడ్ విషయంలో, పొదుపుగా ఉండు. వెన్న సెటర్లో 6 శాతం దాటితే ఒప్పుకోనని రాశావు. పుంగనూరు ఆవు పాలల్లో వెన్న 8 దాకా ఉంటుందని అంటారు, గేదె పాలకైతే 6 దాటడం మామూలే. హద్దులు సెట్టింగుల్లో ఉండాలి. ఇంకొకటి, సెటర్లను ఏ వరుసలో పిలిచినా ఫలితం ఒకటే రావాలి. మళ్ళీ పరీక్ష చేశాక వెన్న, రీడింగు రెండూ కలిసి మారాలి కాబట్టి రెండు సెటర్లు వద్దు. సవరించు(వెన్న, రీడింగు, కారణం) అనే ఒకే మెథడ్ చాలు. ఎందుకు మార్చారో కూడా రికార్డవుతుంది.

లీటర్లకు ఇప్పుడే ప్రాపర్టీ అక్కర్లేదు. పైథాన్‌లో లోపల కోడేమీ లేని మామూలు యాట్రిబ్యూట్‌తో మొదలుపెట్టి, తనిఖీ అవసరమైన రోజున ప్రాపర్టీగా మార్చినా పిలిచే కోడ్ అట్లే ఉంటుంది. సీ షార్ప్‌లో అట్లాంటిదాన్ని ఫీల్డు అంటారు, దాన్ని తర్వాత ప్రాపర్టీ చేస్తే, దాన్ని వాడే ప్రోగ్రాములన్నీ మళ్ళీ కంపైల్ చెయ్యాలి. అక్కడ మొదటినుంచే ప్రాపర్టీ పెడతారు. జావాలో ప్రాపర్టీలే లేవు కాబట్టి తేడా పేరులో చూపించాలి: చవకైనదానికి గెట్, డేటాబేసుకు వెళ్ళేదానికి లోడ్ అనో ఫెచ్ అనో.

ముందు ధర సంగతి చూడు. చార్టు మార్చినా పాత స్లిప్ మొత్తం మారకూడదని ఒక టెస్టు రాసి, అది పాసయ్యాక యంత్రం క్లాసు మొదలుపెట్టు. రెండూ అయ్యాక పంపితే చూస్తాను.

ఇట్లు,
మీ అన్న