కథావైద్యం: తిరుగుబాటు ఎక్కడ మొదలవాలి?

ప్రశ్న: విశాఖ చినవాల్తేరు మానసిక వైద్యశాల నేపథ్యంగా కథ రాస్తున్నాను. నాయిక అద్దాలు పగలగొట్టి ఎదురుతిరుగుతుంది. సినిమాలా ఉందంటున్నారు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: ముందు కథాకాలం తేల్చుకోండి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29న అమల్లోకి వచ్చింది. అప్పటినుంచి గొలుసులు వేయడం, బలవంతంగా గుండు గీయడం, మత్తు ఇవ్వకుండా కరెంటు షాకివ్వడం నిషిద్ధం. యూనిఫాం వేసుకోమని బలవంతపెట్టకూడదు. మీ కథ ఇక్కడే ఉంది! "నా సీర నాకిచ్చీండమ్మా" అని ఆమె కౌంటరు దగ్గర కదలకుండా నిలబడితే చాలు, అద్దాలక్కర్లేదు.

స్వయంగా చేరిందా, ఇంటివాళ్లు చేర్పించారా? స్వయంగా చేరితే డిశ్చార్జి అడగొచ్చు. పరీక్ష కోసం 24 గంటల వరకే ఆపగలరు. నామినేటెడ్ ప్రతినిధి (రోగి తరఫున నిలబడే మనిషి, తరచూ ఇంటివాళ్లే) కోరితే చేర్చుకునేది మొదట 30 రోజులలోపే. దానిపై రివ్యూ బోర్డుకు (ఇలాంటి ఫిర్యాదులు వినడానికి చట్టం పెట్టిన బోర్డు) ఆమె అర్జీ పెట్టుకోవచ్చు. ఆ కాగితం ఎవరి బల్ల దగ్గర ఆగిందో రాయండి.

మాత్ర దవడలో దాచే సన్నివేశం అరిగిపోయింది. పెట్టి తీరాలంటే, నర్సు నీళ్లు తాగించి నోరు తెరిపించడమూ రాయండి. మందు మానగానే మర్నాటికి బుర్ర తేటపడిందని మాత్రం రాయకండి; జబ్బు తిరగబెట్టడానికి వారాలు పట్టొచ్చు, ఈలోగా ఆమె బాగున్నట్టే ఉంటుంది. ఇక నర్సును రాక్షసిని చేయకండి. రాత్రి డ్యూటీలో ఒక్కతే వార్డంతా చూసుకునే మనిషి ఆవిడ.