ముందు చక్రాలే ఎక్కువ నల్లబడటం మామూలే, కానీ ఎడమకీ కుడికీ తేడా ఉంటే చూపించండి

వాటర్ వాష్ చేయించిన వారంలోపే ముందు రెండు అల్లాయ్ వీల్స్ నల్లగా అయిపోతున్నాయి, వెనకవి మాత్రం శుభ్రంగా ఉన్నాయి, బ్రేకులు పాడయ్యాయా అని అడిగారు. సర్వీస్ సెంటర్ వాళ్ళు ప్యాడ్లు మార్చాలన్నారని కూడా రాశారు. మీరు చెప్పినదాన్ని బట్టి చూస్తే టెన్షన్ పడాల్సిన పని లేదండీ. నాది కూడా మీలాంటి చిన్న పెట్రోల్ కారే. రోజూ మియాపూర్ నుంచి గచ్చిబౌలికి వెళ్ళి వస్తాను. ఆ ట్రాఫిక్‌లో కాలు బ్రేకు మీదే ఉంటుంది కాబట్టి ఈ నలుపు నాకు బాగా అలవాటు.

ఆర్టీసీ బస్సులో డ్రైవరు సడన్ బ్రేక్ వేస్తే నిలబడ్డవాళ్ళందరూ ముందుకు తూలుతారు కదా, కారు బరువు కూడా అలాగే ముందుకు వాలుతుంది. పైగా మన చిన్న కార్లలో ఇంజనూ గేర్‌బాక్సూ ముందే ఉంటాయి. బరువు పడిన చక్రానికి రోడ్డు మీద పట్టు ఎక్కువ, తేలికైన వెనక చక్రం గట్టిగా బ్రేక్ పడితే జారిపోతుంది. అందుకే కంపెనీవాళ్ళు ముందు బ్రేకులే ఎక్కువ పని చేసేలా తయారుచేస్తారు. కారును ఆపే పనిలో దాదాపు 60 నుంచి 70 శాతం ముందు బ్రేకులదే. గట్టిగా తొక్కితే ఇంకా ఎక్కువ.

రెండో కారణం చాలామందికి తట్టదు. మన దగ్గర ఎక్కువ కార్లకు ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు ఉంటాయి. డిస్క్ అంటే చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్ళెం, దాన్ని ప్యాడ్లు రెండు వైపులా నొక్కుతాయి. అది బయటికే ఉంటుంది కాబట్టి అరిగిన పొడి అంతా నేరుగా రిమ్ మీదికి ఎగురుతుంది. డ్రమ్ మూసి ఉంటుంది కాబట్టి అందులో డ్రమ్ లోపలి గోడకు రాసుకునే షూలు అరిగినా పొడి చాలావరకు లోపలే ఉండిపోతుంది. మెకానిక్ వెనక డ్రమ్ విప్పినప్పుడు పక్కన నిలబడి చూడండి, లోపల బూడిద రంగు పొడి పేరుకుని ఉంటుంది. అంటే మీ వెనక చక్రాలకూ దుమ్ము వస్తూనే ఉంది, బయటికి కనిపించడం లేదంతే. దాన్ని నోటితోనో ఎయిర్ పైపుతోనో ఊదనివ్వకండి. పాత బ్రేకుల్లో ఆస్బెస్టాస్ ఉండేది. ఇప్పటి పొడి కూడా ఊపిరితిత్తులకు మంచిది కాదు. తడిగుడ్డతో తుడవమనండి.

ఆ నలుపంతా ప్యాడ్ పొడే అనుకుంటాం గానీ అందులో ఇనుము కూడా బాగానే ఉంటుంది. పోత ఇనుముతో చేసిన డిస్క్ కూడా ప్యాడ్‌తో పాటు అరుగుతుంది. ఒక చిన్న అయస్కాంతాన్ని పేపర్లో చుట్టి రిమ్ లోపలి అంచుకు రాసి చూడండి, పేపర్ మీద సన్నటి నల్లపొడి మీసాల్లా నిక్కబొడుచుకుంటుంది. రిమ్ మీదే ఉండిపోతే ఈ ఇనుమే తడికి తుప్పు పట్టి నారింజ రంగు చుక్కలవుతుంది. ఆ తర్వాత షాంపూతో ఎంత రుద్దినా పోదు. వర్షాకాలంలో ఎక్కువ రోజులు వదిలేయొద్దనేది అందుకే.

మీరు గమనించాల్సింది ముందుకీ వెనక్కీ ఉన్న తేడా కాదు, ముందు రెండు చక్రాల మధ్య తేడా. నా కారుకు ఒకసారి ఎడమ ముందు చక్రం కుడిదానికంటే బాగా ఎక్కువ నల్లబడటం మొదలైంది. హైవే మీద ఓ గంట నడిపి దిగాక దాని దగ్గర చెయ్యి పెడితే సెగ కొట్టేది, కుడివైపు అంత ఉండేది కాదు. (రిమ్‌ని ముట్టుకోకండి, కాలుతుంది.) ఒక సర్వీస్ సెంటర్లో చక్రం విప్పకుండానే ప్యాడ్లూ డిస్కులూ మొత్తం మార్చాలన్నారు. నాకు నమ్మకం కుదరక మా వీధి చివరి మెకానిక్ దగ్గర విప్పించాను. ప్యాడ్లను డిస్కుకు నొక్కే క్యాలిపర్ అటూ ఇటూ జరగడానికి ఉండే స్లైడ్ పిన్నుల్లో గ్రీజు ఎండిపోయింది. పెడల్ వదిలినా ప్యాడ్ వెనక్కి రాక డిస్కుకు రాసుకుంటూ ఉంది. లోపలి ప్యాడ్ బయటిదానికంటే ఎక్కువ అరిగింది. పిన్నులు శుభ్రం చేసి, బ్రేకులకు వాడే ప్రత్యేకమైన గ్రీజు పెట్టి, ఆ రెండు ముందు చక్రాలకు ప్యాడ్లు మార్చాడు. డిస్కులు మార్చాల్సిన అవసరమే రాలేదు.

దీనికి తలకిందులుగా కూడా జరగొచ్చు. ఒక చక్రం మరీ శుభ్రంగా ఉంటే ఆ వైపు బ్రేక్ సరిగ్గా పట్టడం లేదేమో కూడా చూడాలి. బ్రేక్ వేసినప్పుడు కారు ఒక పక్కకు లాగినా, దుమ్ము పొడిగా కాకుండా జిడ్డుగా తడిగా ఉన్నా వెంటనే చూపించండి. ఆ తడి బ్రేక్ ఆయిల్ అయితే కారు అసలు తీయొద్దు.

కడిగేటప్పుడు చక్రం పూర్తిగా చల్లారాలి. కాలుతున్న డిస్క్ మీద చల్లనీళ్ళు కొడితే అది వంకర పోవచ్చు. మెత్తటి బ్రష్, కార్ షాంపూ, చక్రాలకు వేరే బకెట్ వాడండి. బాడీ తుడిచే గుడ్డ చక్రాలకు వాడితే ఆ ఇనుప పొడి పెయింట్‌ను గీసేస్తుంది. కొన్ని వాష్ సెంటర్లలో యాసిడ్ కొడతారు, వద్దని ముందే చెప్పండి. మొండి చుక్కలకు ఐరన్ రిమూవర్ దొరుకుతుంది, ఇనుము తగలగానే ఊదారంగుకు తిరుగుతుంది. ఆరిపోకముందే కడిగేయండి. టైర్ పాలిష్ మాత్రం డిస్క్ మీద చుక్క కూడా పడకూడదు.

ఈ దుమ్ము తగ్గించుకోవాలంటే ముందున్న బండికి దూరం పాటించండి, శ్రీశైలం ఘాట్ లాంటి చోట దిగేటప్పుడు తక్కువ గేర్‌లో రండి. సెరామిక్ ప్యాడ్లతో దుమ్ము తక్కువ, ఖరీదు ఎక్కువ. మీ మోడల్‌కు సరిపోయేవి దొరికితేనే వేయించండి. ఎలక్ట్రిక్ కార్లలో మోటారే చాలావరకు వేగం తగ్గిస్తుంది కాబట్టి ఈ బాధ బాగా తక్కువ. యూరప్‌లో పొగతో పాటు ఈ పొడినీ కాలుష్యం కింద లెక్కేస్తున్నారు. యూరో 7 నిబంధనల్లో మామూలు పెట్రోల్, డీజిల్ కార్లకు కిలోమీటరుకు 7 మిల్లీగ్రాములు, బ్యాటరీ కార్లకు 3 మిల్లీగ్రాములు అని పరిమితి పెట్టారు.

ఇక ప్యాడ్లు మార్చాలన్న మాట. చక్రం విప్పి, లోపలి ప్యాడ్ మందం మీ కళ్ళముందు కొలిచి చూపించమనండి. 3 మిల్లీమీటర్లకు దగ్గరపడితే మార్పించండి. అంతకంటే బాగా ఎక్కువ ఉండి, రెండు పక్కలా సమానంగా అరిగి ఉంటే స్లైడ్ పిన్నులకు గ్రీజు పెట్టించుకుని వచ్చేయండి.