రోజుకు మూడు వేలు సంపాదిస్తున్నా ఇంట్లో నమ్మడం లేదు

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. మాది కాజీపేట. మూడేళ్ల కింద ఫైనాన్స్‌లో కారు తీసుకుని హైదరాబాద్‌లో యాప్‌లకు తిప్పుతున్నాను. వారానికి ఐదు రోజులు ఉప్పల్‌లో, ముగ్గురు డ్రైవర్లం కలిసి ఉండే రూములో. రెండు రోజులు ఇంటి దగ్గర. డౌన్ పేమెంట్‌కు మా మామ రెండు లక్షలు ఇచ్చారు. రోజుకు మూడు వేల పైనే గిరాకీ అవుతుంది. అయినా నా భార్య 'పైసలన్నీ ఎక్కడ పోతున్నయ్' అని అడుగుతోంది. పోయిన నెల ఒక కిస్తీ తప్పితే ఫైనాన్స్ వాళ్లు రాత్రి తొమ్మిదికి ఆమెకు ఫోన్ చేశారు. అప్పటి నుంచి 'కారు అమ్మేసి ఇంటికి రా' అని ఒకటే గొడవ. ఇంటికొస్తే పడుకోవడానికే సరిపోతోంది, ఆరేళ్ల పాపతో కూడా గడపలేకపోతున్నాను. మొన్న శుక్రవారం రాత్రి వస్తుంటే ఆలేరు దాటాక స్టీరింగ్ మీదే కన్ను మూతపడింది. ఇంట్లో చెప్పలేదు. నా కష్టం ఆమెకు ఎలా అర్థం చేయించాలి?

జవాబు: తమ్ముడూ, మీరు చివర్లో ఒక్క ముక్కలో రాసి వదిలేసిన ఆలేరు సంగతి దగ్గరే నేను ఆగిపోయాను. ముందు దాని గురించే మాట్లాడుకుందాం. పొద్దంతా బండి తిప్పి, అర్ధరాత్రి మళ్లీ కాజీపేట దాకా నడుపుకుంటూ రావడం ఈ వారం నుంచే మానేయండి. కారు రూము దగ్గరే పెట్టి బస్సెక్కండి. ఉప్పల్ నుంచి హనుమకొండ బస్సులకు కొదవ లేదు, సికింద్రాబాద్ నుంచి కాజీపేటకు రైళ్లూ ఉన్నాయి. దారంతా పడుకుని రావచ్చు. టీ తాగినా, అద్దం దించి గాలి కొట్టించుకున్నా నిద్ర కాసేపు వాయిదా పడుతుందే తప్ప పోదు. జీతానికి నడిపే డ్రైవర్లకు 2025 దాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటల పని, ఐదు గంటలు నడిపాక కనీసం అరగంట విశ్రాంతి అని రాసింది. మీది సొంత బండి. చాలు, ఆపు అని చెప్పే ఓనర్ మీకు లేడు, అది మీరే చెప్పుకోవాలి.

ఇక డబ్బు సంగతి. మీరు ఇంట్లో 'ఇవాళ మూడు వేలు కొట్టిన' అని చెబుతారు. ఆమె దాన్ని 22 రోజులతో గుణిస్తుంది. నెలకు 66 వేలు. ఆమె చేతికి అందేది అందులో పావు వంతు. ఏ ఇల్లాలికైనా అనుమానం రాదా? ఉత్తరంతో పాటు మీరు పంపిన ఖర్చుల చీటీ ముందు పెట్టుకుని నేనూ లెక్క వేశాను. యాప్ వాళ్ల వాటా పోను రోజుకు 3,200 అంటే నెలకు 70,400. గ్యాస్ 24,200, బయట తిండి, టీలు 5,500, కిస్తీ 14,600, రూము 2,500. మిగిలింది 23,600. ఇన్సూరెన్స్, ఫిట్‌నెస్, టైర్లు, సర్వీసింగ్‌కు ఏడాదికి 60 వేలు అని మీరే రాశారు, అంటే నెలకు 5 వేలు పక్కన పెట్టాలి. చేతికొచ్చేది 18,600. ఈ అంకె మీ భార్యకు ఒక్కసారైనా చెప్పారా?

చెప్పలేదంటే ఎందుకో నాకు అర్థమవుతోంది. మామ ఇచ్చిన రెండు లక్షలు అడ్డం వస్తున్నాయి. అల్లుడు కారు కొని నెలకు 18 వేలు తెస్తున్నాడంటే వాళ్లింట్లో చిన్నతనం అవుతుందని మీ భయం. కానీ మీరు దాచింది ఆమెకు బయటివాళ్ల నోటి నుంచి, అదీ రాత్రి పూట ఫోన్‌లో తెలిసింది. ఆమె కోపమంతా అక్కడిది. కారు అమ్మేయమనడం ఆ తర్వాత వచ్చిన మాట.

అన్నట్టు, ఆ ఫోన్ గురించి. బాకీ వసూలు కోసం అప్పు తీసుకున్నవాళ్లకు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్లు చేయకూడదని రిజర్వ్ బ్యాంక్ 2022లోనే ఫైనాన్స్ కంపెనీలకు చెప్పింది. మీ కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి, భార్య నంబర్‌కు చేయొద్దని అందులో రాయండి. పనిలో పనిగా ఇవాళ అప్పు మొత్తం తీర్చేయాలంటే ఎంత కట్టాలో కాగితం అడిగి తీసుకోండి.

ఆ కాగితం, ఖర్చుల చీటీ, ఫోన్‌లో యాప్ చూపించే సంపాదన, మూడూ ముందేసుకుని ఇద్దరూ కూర్చోండి. పెన్ను ఆమె చేతికివ్వండి, కూడికలు ఆమెనే వేయనివ్వండి. ఆలేరు సంగతి కూడా అప్పుడే చెప్పండి. ఆమె ఏడుస్తుంది, తిడుతుంది. మధ్యలో మీ కష్టం ఏకరువు పెట్టకుండా అననివ్వండి, వినండి. కారుకు ఇప్పుడొచ్చే ధర మిగిలిన అప్పు కన్నా తక్కువైతే తొందరపడి అమ్మడం నాకు సరైనదిగా అనిపించడం లేదు. ఇంకా 24 కిస్తీలే ఉన్నాయి కదా. ఈలోగా హనుమకొండ ట్రావెల్స్ వాళ్ల దగ్గర నెలవారీ కిరాయికి కారు పెడితే ఎంతిస్తారో అడిగి రండి. రూము, బయట తిండి ఖర్చు తగ్గుతుంది కాబట్టి కాస్త తక్కువొచ్చినా సరిపోవచ్చు. ఏదైనా ఇద్దరూ కలిసి తేల్చుకోండి.

మామ దగ్గరికి మీరే వెళ్లండి, భార్యను పంపొద్దు. కిస్తీలు అయిపోయాక నెలకు ఇంత చొప్పున ఇస్తానని నోటితో చెప్పి రండి. ఒక నెల సరిగ్గా పడుకున్నా మనసు తేలిక కాకపోతే, ఊరికే చికాకు వస్తుంటే, 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వం నడిపే టెలీ మానస్, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

వచ్చే ఆదివారం సాయంత్రం పాపను భద్రకాళి బండ్‌కు తీసుకెళ్లండి. కారు ఉప్పల్‌లోనే ఉంటుంది కదా, ఆటోలో వెళ్లండి. పాపతో పాటు మీరూ వెనక సీట్లో కూర్చోవచ్చు.