ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్తున్న మేనల్లుడికి

చిరంజీవికి మామయ్య ఆశీస్సులు.

ఫ్రాంక్‌ఫర్ట్ డెప్యుటేషన్ ఖాయమైందని మీ అమ్మ ఫోనులో చెప్పింది. సంతోషం. అలవెన్సు గురించీ ఇంటి అద్దె గురించీ నువ్వు ఎలాగూ అడుగుతావు. అడగవేమోనని నా అనుమానం ఒక్కదాని గురించే: తిరిగి వచ్చాక నీ కుర్చీ ఎక్కడ?

హెచ్‌ఆర్‌లో పనిచేసినన్నాళ్లూ రేటింగులు తేల్చే సమావేశాల్లో కూర్చున్నాను. పై రేటింగులు కొన్నే ఉంటాయి కనుక మేనేజర్లు తమ మనుషుల కోసం బేరాలాడతారు. విదేశంలో ఉన్నవాడి పేరు రాగానే ఎవరో ఒకరు "అతనికేం, ఆన్‌సైట్‌లో ఉన్నాడుగా" అనేవారు. అంతే, పేరు కిందికి జారేది. పంపడమే బహుమానం, మళ్లీ ప్రమోషన్ కూడానా అన్నది వాళ్ల లెక్క. అక్కడి క్లయింటు నిన్నెంత మెచ్చుకున్నా ఆ మాట ఆ గదిలో ఎత్తేవాళ్లుండరు. అందుకే నీ అప్రైజల్ ఎవరు రాస్తారో, ఎవరు ఆమోదిస్తారో ఇద్దరినీ చేర్చి మెయిల్‌లో తేల్చుకో. మెచ్చుకోలు వస్తే ఆ వారమే ఇక్కడికి పంపు. మార్చి దాకా దాచుకుంటే ఎవరికీ గుర్తుండదు.

"వచ్చాక చూద్దాంలే" అని మీ మేనేజరు అనవచ్చు. మనిషి మంచివాడే కావచ్చు, కానీ నువ్వు వచ్చేసరికి అతనే వేరే కంపెనీలో ఉండవచ్చు. కొత్తగా వచ్చినవాడు నిన్ను ప్రాజెక్టు లేక ఖాళీగా ఉన్నవాళ్ల బెంచ్ జాబితాలోనే చూస్తాడు. ఏ విభాగానికి, ఏ గ్రేడులో తిరిగి వస్తావో, నీకు ప్రాజెక్టు వెతికే బాధ్యత ఎవరిదో ఇప్పుడే రాయించుకో.

జర్మనీలో పనిచేయడానికి నీకు ఏ అనుమతి తీసుకుంటున్నారు: కంపెనీ తన ఉద్యోగిని అక్కడి శాఖకు పంపేటప్పుడు తీసుకునే ఐసీటీ కార్డా, విదేశీ నిపుణులకు ఇచ్చే బ్లూ కార్డా? మొదటిదైతే నువ్వు ఇక్కడి ఉద్యోగివే, గరిష్ఠంగా మూడేళ్లు. రెండోదైతే ఉద్యోగ ఒప్పందం జర్మనీ సంస్థతో. 27 నెలలకు, జర్మన్ భాషలో బీ1 (మధ్యస్థ) స్థాయి ఉంటే 21 నెలలకే శాశ్వత నివాసానికి దరఖాస్తు చేసుకోవచ్చు. కంపెనీలకు మొదటిదే ఎందుకు ఇష్టమో వేరే చెప్పాలా! తిరిగి వచ్చే ఉద్దేశం గట్టిగా ఉంటే నీకూ అదే నయం.

ఇక్కడి పేరోల్‌లోనే ఉంచితే పీఎఫ్ కార్యాలయం నుంచి, నువ్వు ఇక్కడే పీఎఫ్ కడుతున్నావని చెప్పే కవరేజీ సర్టిఫికెట్ తీయించమను. జర్మనీతో సామాజిక భద్రతా ఒప్పందం 2017 నుంచి అమల్లో ఉంది. ఆ కాగితం ఉంటే అక్కడి పెన్షన్ నిధికి వేరే కోత పడదు.

ప్రయాణం సెప్టెంబరు నెలాఖరుకట కదా? ఏప్రిల్ నుంచి లెక్కేస్తే 29వ తేదీకి 182 రోజులు నిండుతాయి. అన్ని రోజులు ఇక్కడ ఉంటే ఆ ఏడాదికి పన్ను లెక్కలో నువ్వు ఇక్కడి నివాసివే; అప్పుడు అక్కడి సంపాదన కూడా ఇక్కడి పన్ను రిటర్నులో చూపాలి. ఓ వారం ముందు టికెట్ అడుగు.

బాండ్ ఇస్తే సంతకం పెట్టకముందే ఫోటో తీసి నాకు పంపు. తిరిగి వచ్చాక ఎన్ని నెలలు పనిచేయాలో, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలో ఆ రెండు పేరాలు చాలు.

మామయ్య