నేలపట్టుకు అక్టోబరులో రావచ్చా, జనవరి దాకా ఆగాలా?

అక్టోబరు సెలవుల్లో సూళ్లూరుపేట దగ్గరి నేలపట్టు పక్షుల కేంద్రానికి వస్తే పక్షులు కనిపిస్తాయా అని అడిగారు. మాది నాయుడుపేట వైపే అండి. దసరా దాటాక ఏటా ఒకసారైనా వెళ్తుంటాను. అక్కడ నెల కాదు, చెరువు నిండిందా లేదా అన్నదే లెక్క.

ఒక ఏడాది చెన్నై నుంచి మా బావమరిది పిల్లలను పిలిపించి మరీ తీసుకెళ్లాను. వానలు ఆలస్యమై చెరువు నెర్రెలు విచ్చి ఉంది. రెండు నీటికాకులు తప్ప ఏమీ లేవు, పిల్లలు చిన్నబుచ్చుకున్నారు. మరుసటి ఏడు నవంబరులో, మూడు రోజుల ముసురు విడిచాక వెళ్తే అదే చెరువులో నీటి కడప చెట్లు సగం దాకా మునిగి, కొమ్మకొమ్మకూ గూడబాతులే (పెలికాన్లు)! చుట్టూ నీళ్లుంటే పిల్లీ నక్కా చెట్టు దాకా రాలేవు, చేపలకూ కొదవుండదు. అందుకే అవి ఈశాన్య రుతుపవనాల వానల కోసం చూస్తాయి.

గూడబాతులు సైబీరియా నుంచి వస్తాయని చాలామంది చెబుతారు, అది నిజం కాదు. అవి మన దక్షిణాసియా పక్షులే, గుడ్లు పెట్టడానికి ఇక్కడ చేరతాయి. ఉత్తరాది నుంచి వలస వచ్చేవి సూదితోక బాతుల్లాంటివి.

నాకైతే జనవరి కంటే చెరువు నిండిన కొత్తలోనే ఇష్టం. జనవరికి పక్షి పిల్లలు పెద్దవై గోలగోలగా ఉంటుంది. ముందే వస్తే గూడబాతులు గూడు కట్టడం చూడొచ్చు. ఒకటి పుల్ల తెస్తుంది, రెండోది అందుకుని, తిప్పి తిప్పి సర్దుతుంది. అంత పెద్ద పక్షి, నోట్లోంచి చప్పుడే రాదు. పక్క చెట్టు మీద నత్తగుల్ల కొంగలుంటే ముక్కు గమనించండి: మూసినా మధ్యలో సందు ఉంటుంది. నత్తలు తినే పక్షికి ఆ ముక్కే పనిముట్టు. బైనాక్యులర్స్ తప్పకుండా తెచ్చుకోండి. సాయంత్రం నాలుగు దాటాక వాచ్ టవర్ ఎక్కితే మేతకు వెళ్లినవి గుంపులుగా తిరిగొస్తాయి.

రాజహంసల (ఫ్లెమింగోల) కోసమైతే మాత్రం జనవరే మేలు. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు పులికాట్ సరస్సు మధ్యగానే పోతుంది. వానలకు సరస్సు నిండుగా ఉన్నప్పుడు లోతెక్కువై అవి నిలబడి మేయలేవు. నీళ్లు తగ్గాక రోడ్డు మీది నుంచే కనిపిస్తాయి.

ఇంకొక్క మాట. ఒకసారి ఎవరో కుర్రాళ్లు గట్టు మీద స్పీకరు పెట్టి పాటలు వేశారు. గూళ్ల మీది పక్షులు ఒక్కసారిగా లేచాయి. అవి తిరిగొచ్చేలోపే ఒక కాకి గూట్లోంచి గుడ్డు ఎత్తుకుపోయింది. నా కళ్లతో చూశాను. దయచేసి పిల్లలకు ముందే చెప్పి తీసుకురండి.