ఆన్‌లైన్ కోర్సులో వీడియోలు కాకుండా విద్యార్థులకు ఇంకేం ఇవ్వాలి?

మారతహళ్ళిలో ఉంటూ అనంతపురం, కర్నూలు పిల్లలకు ఆన్‌లైన్‌లో జీఎస్టీ అకౌంట్స్ చెబుతున్నానని, వీడియోలు బాగున్నా సగం మంది మధ్యలోనే మానేస్తున్నారని రాశారు. నేనూ బెంగళూరు నుంచే ఎక్సెల్ చెబుతుంటాను, కాబట్టి ఆ బాధ తెలుసు.

ముందు ప్రతి వీడియోకి ఒక పేజీ నోట్సు ఇవ్వండి, ఫోన్‌లో జూమ్ చేయకుండా చదివేలా. మొదట్లో నేను స్లైడ్లన్నీ కలిపి 40 ఎంబీ పీడీఎఫ్ పంపేవాణ్ణి. ఒకమ్మాయి, "సార్, ఈరోజు డేటా అయిపోయింది, రాత్రి పన్నెండు దాటాక డౌన్‌లోడ్ చేస్తా" అంది. ఆ తర్వాత ఒక ఎంబీ దాటనివ్వలేదు.

అసలు పని చేసేది ప్రాక్టీస్ ఫైలు. అందులో కావాలనే తప్పు పెట్టండి. అనంతపురం షాపు బెంగళూరుకు 1,000 రూపాయల సరుకు పంపింది, పన్ను 18 శాతం. బిల్లులో సీజీఎస్టీ (కేంద్రం వాటా) 90, ఎస్‌జీఎస్టీ (రాష్ట్రం వాటా) 90 అని వేసి ఉంటుంది. రాష్ట్రం దాటింది కదా, ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య అమ్మకాలకు వేసే పన్ను) 180 రావాలి. మొత్తం సరిపోతుంది కాబట్టి చాలామందికి తప్పు కనబడదు. దాన్ని పట్టుకున్నవాడు ఇక మర్చిపోడు. జవాబు ఫైలు మాత్రం రెండు రోజులాగి పంపండి.

చదవమని పాతిక లింకులు ఇవ్వకండి, ఎవరూ తెరవరు. డౌట్లకు వారంలో ఒక గంట, అదీ రాత్రి ఎనిమిది తర్వాత పెట్టండి. పగలు ఉద్యోగాలకు వెళ్లేవాళ్లు కూడా అప్పుడైతే వస్తారు.