అన్నీ నచ్చుతున్నాయంటున్న అమ్మాయికి ఏ దారి?

ప్రశ్న: మేం గాజువాకలో ఉంటాం. నేను స్టీల్‌ప్లాంట్‌లో పనిచేస్తున్నాను. మా అమ్మాయి సైకాలజీ మేజర్‌తో డిగ్రీ మూడో ఏడాది చదువుతోంది. విశ్వవిద్యాలయాల కొత్త పరిశోధనల గురించి ఎక్కడ వార్త కనిపించినా కత్తిరించి దాచుకుంటుంది. ఒకరోజు ఆరోగ్యం అంటుంది, మర్నాడు చట్టం అంటుంది, ఇంకోరోజు సమాజం అంటుంది. పరిశోధనే చేస్తానని పట్టుబడుతోంది. గ్రూప్స్‌కి సిద్ధం కమ్మని నా మాట. దూరవిద్యలో ఎంఏ సైకాలజీ చేస్తూ కోచింగ్ తీసుకుంటే రెండూ కలిసొస్తాయని బంధువులు చెబుతున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందుగా బంధువుల సలహా సంగతి తేల్చేద్దాం. ఫీజు కట్టాక తెలిస్తే డబ్బు, ఏడాది రెండూ పోతాయి. సైకాలజీని దూరవిద్యలో గానీ ఆన్‌లైన్‌లో గానీ నడపకూడదని విశ్వవిద్యాలయాలను పర్యవేక్షించే యూజీసీ నిర్ణయించింది. 2025 జులై-ఆగస్టు ప్రవేశాల నుంచే ఇది అమల్లోకి వచ్చింది. ఆరోగ్య అనుబంధ వృత్తుల కోసం 2021లో వచ్చిన చట్టం పరిధిలోకి సైకాలజీ కూడా రావడమే ఇందుకు కారణం. కాబట్టి ఎవరైనా అలాంటి సీటు ఇస్తామంటే దయచేసి నమ్మకండి. ఎంఏ చేస్తే కళాశాలకు వెళ్లే చేయాలి.

ఇక అసలు విషయం. అమ్మాయి రోజుకో సబ్జెక్టు పేరు చెప్పడం మీకు నిలకడ లేకపోవడంలా కనిపిస్తోంది. ఆమె దాచుకున్న వార్తలన్నీ ఒకచోట పరిచి చూడండి. వాటిలో చాలావరకు ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతుంటాయని నా అంచనా. మన ఊరి ఉదాహరణే చెబుతాను. ఇక్కడ విశాఖలో నీట్ శిక్షణ తీసుకుంటున్న పదిహేడేళ్ల అమ్మాయి 2023లో చనిపోయింది. తండ్రి చేసిన న్యాయపోరాటం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2025 జులైలో కోర్టు దర్యాప్తును సీబీఐకి అప్పగించి, దేశమంతటికీ వర్తించే 15 మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో పిల్లల మానసిక ఆరోగ్యంలో శిక్షణ పొందిన కౌన్సెలర్ గానీ, సైకాలజిస్టు గానీ, సోషల్ వర్కర్ గానీ కనీసం ఒకరు ఉండాలి. మార్కులను బట్టి పిల్లలను వీలైనంతవరకు వేర్వేరు బ్యాచ్‌లుగా విడదీయకూడదు. కోచింగ్ కేంద్రాలకూ ఇవి వర్తిస్తాయి.

ఆ తీర్పు చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. వృత్తిరీత్యా నేను అలాంటి పిల్లలతోనే మాట్లాడుతుంటాను. కౌన్సెలర్‌ను నియమించారు సరే, పిల్లలు ఆ గది తలుపు తడుతున్నారా? తడితే, చెప్పిన మాట యాజమాన్యానికి చేరదన్న నమ్మకం వాళ్లకుందా? దీన్ని సైకాలజీ పరిశోధకులు కొలుస్తారు. చట్టసభ కొత్త చట్టం చేసేదాకా ఈ మార్గదర్శకాలదే చట్టం స్థాయి. మరి పాటించని సంస్థను ఎవరు, ఎలా ప్రశ్నించాలన్నది న్యాయశాస్త్రం చూసే విషయం. కోచింగ్ కోసం పొలం అమ్మిన ఇంట్లో పిల్లవాడు “నావల్ల కాదు నాన్నా” అనగలడా అన్నది సమాజశాస్త్రం అడుగుతుంది. ఎంతమందికి నిద్ర కరువైంది, ఎంతమంది చికిత్స దాకా వచ్చారు అన్న లెక్కలు ప్రజారోగ్య నిపుణులు తీస్తారు. మీ అమ్మాయిని లాగుతున్నది ఇలాంటి ప్రశ్నే అయితే ఆమెకు నాలుగు శాస్త్రాలూ నచ్చడం సహజం.

అయితే నచ్చడం వేరు, పని చేతికి రావడం వేరు. నాలుగు శాస్త్రాలూ కొంచెం కొంచెం తెలిసినవాళ్లకు పీహెచ్‌డీ గైడ్ దొరకడం కష్టం, ఉద్యోగం దొరకడం ఇంకా కష్టం. ముందు ఒక శాస్త్రంలో పద్ధతి గట్టిగా నేర్చుకోవాలి. మూడేళ్లు చదివిన సైకాలజీ ఆమెకు ఉండనే ఉంది. దాన్నే లోతుగా పట్టుకుని, గణాంకశాస్త్రం కూడా శ్రద్ధగా నేర్చుకోమనండి. చట్టం మీద ఇష్టం అప్పటికీ తగ్గకపోతే న్యాయవిద్య ప్రవేశపరీక్ష లాసెట్ రాసి మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ తర్వాతైనా చేయవచ్చు.

ఈ రంగంలో తెలుగు పిల్లల అవసరం ఎంత ఉందో ఒక ముక్క చెప్పాలి. పేరున్న సైకాలజీ పత్రికల్లోని పరిశోధనల్లో పాల్గొన్నవాళ్లలో 96 శాతం, ప్రపంచ జనాభాలో 12 శాతమే ఉన్న దేశాలవాళ్లని 2010లో జోసెఫ్ హెన్రిక్, ఆయన సహచరులు ఎత్తిచూపారు. కుంగుబాటును (డిప్రెషన్) గుర్తించడానికి చాలా దేశాల్లో పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పట్టిక వాడతారు. గడిచిన రెండు వారాల్లో ఎలా ఉన్నారని అడుగుతుంది. దాన్ని మాటకు మాట తెలుగులో పెట్టి పెదగంట్యాడలో ఒక పెద్దావిడను అడిగితే ఏమంటుంది? “గుండెల్లో బరువుగా ఉందమ్మా, ఒళ్లంతా పీకేస్తోంది, అన్నం సహించడం లేదు” అంటుంది. దిగులు అనే మాటే ఆమె నోట రాకపోవచ్చు. ఆ బరువు, ఆ పీకుడు ఏ గడిలో రాయాలి? తెలుగు మాట తెలిసి, కొలిచే పద్ధతీ తెలిసిన మనిషే దీన్ని తేల్చాలి. ప్రశ్నను తెలుగులోకి మార్చడం, ఇంకొకరి చేత మళ్లీ మూలభాషలోకి మార్పించి పోల్చి చూడడం, కొద్దిమంది మీద పరీక్షించడం వంటి పనులకు ఓపిక కావాలి. అది మీ అమ్మాయికి ఉందో లేదో తెలుసుకోవడానికి ఇదే మంచి పరీక్ష.

ఆమె దాచుకునే వార్తల గురించి కూడా ఒక మాట. ఫోను ఎక్కువ చూసే పిల్లల్లో దిగులు ఎక్కువ అని వార్త వస్తే, ఫోను వల్ల దిగులా, దిగులుతో ఫోను పట్టుకున్నారా అని ఆమె వెంటనే అడగగలగాలి. 2015లో వంద సైకాలజీ ప్రయోగాలను కొత్తగా చేసి చూస్తే, సుమారు 36 శాతంలోనే స్పష్టమైన ఫలితం మళ్లీ వచ్చింది. ఇకమీదట ప్రతి వార్త వెనుక ఎంతమందిని, ఎలా, ఎంతకాలం పరిశీలించారో వెతికి పక్కన రాసుకోమనండి. పరిశోధన శిక్షణ ఇంట్లోనే మొదలైపోతుంది.

మీకు ముఖ్యమైన డబ్బు, కాలం లెక్కలు: మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం దాటినవాళ్లు నాలుగో ఏడాది పరిశోధనతో కూడిన ఆనర్స్ చేయడానికి యూజీసీ వీలు కల్పించింది. రిజర్వేషన్ వర్గాలకు సడలింపు ఉంది. ఆమె కళాశాలలో అది ఉందో లేదో ప్రిన్సిపాల్‌ను అడగండి. నాలుగేళ్ల డిగ్రీలో ఆ మార్కులుంటే జాతీయ అర్హత పరీక్ష నెట్ రాసి నేరుగా పీహెచ్‌డీకి వెళ్లవచ్చు. అందులో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ అనే పరిశోధన భృతి) వస్తే నెలకు 37,000 రూపాయలు, సీనియర్ ఫెలోగా మారాక 42,000, అద్దె భత్యం అదనం. పీహెచ్‌డీకి తక్కువలో తక్కువ మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. జేఆర్‌ఎఫ్ అందరికీ రాదు, మొదటిసారే రావడం అరుదు. అందుకే ఆనర్స్‌తో ఆపకుండా ఎంఏ కూడా చేయమంటాను. ఎంఏ చేసినంత మాత్రాన క్లినికల్ సైకాలజిస్టుగా చికిత్స చేసే అర్హత రాదనీ, అందుకు ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) గుర్తించిన కోర్సు చేసి రిజిస్టర్ కావాలనీ ఇప్పుడే తెలుసుకుని ఉండండి. చాలామంది ఇక్కడే మోసపోతున్నారు.

గ్రూప్స్‌ను నేను తక్కువ చేయను. కానీ మనసు లేని అమ్మాయిని అందులో కూర్చోబెడితే రెండేళ్లు ఇట్టే కరిగిపోతాయి. ఎంఏ అయ్యాక కూడా వయోపరిమితి ఆమెకు అడ్డురాదు.

ఈ లోపు ఒక పని చేయండి. ఈ సెలవుల్లో మీరే ఆమెను వాల్తేరు తీసుకెళ్లండి. 1926లో మొదలైన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సైకాలజీ, సోషల్ వర్క్ విభాగాలతో పాటు అంబేడ్కర్ న్యాయ కళాశాల కూడా ఉంది. మరో రోజు సబ్బవరంలోని జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం చూపించండి. అక్కడ పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లతో మాట్లాడనివ్వండి, మీరు కాస్త దూరంగా కూర్చోండి. ఆరో సెమిస్టర్ ఫలితాలు రాగానే మార్కులు నాకు రాయండి. 75 శాతం దాటినా దాటకపోయినా, దాన్ని బట్టి తర్వాతి దరఖాస్తులు కలిసి చూద్దాం.